బోధన్ టు బెర్సీ

నిజామాబాద్ జిల్లాలో ఒకప్పుడు వాడకొక దుబాయ్ మనిషి ఉండేవాడు. టేప్‌రికార్డర్, పులిబొమ్మ బ్లాంకెట్, మనిషి రాకముందే గుమ్మం దాటి వచ్చే సెంటు వాసన. సెలవు మీద వచ్చినన్నాళ్ళూ ఊళ్ళో వాడిదే రాజ్యం. ఇప్పుడు ఆ కుర్చీలోకి మరొకడు వచ్చి కూర్చున్నాడు. వీడి దగ్గర సామాను తక్కువ, ఫొటోలు ఎక్కువ. ఇల్లు బోధన్‌లోనో, వర్ని, కోటగిరి వైపు ఏ క్యాంపులోనో ఉంటుంది. ఇంటర్ నిజామాబాద్‌లో, బీటెక్ హైదరాబాద్‌లో, ఎంఎస్ జర్మనీలో. ‘మొన్న వీకెండ్ పారిస్ పోయొచ్చిన’ అంటాడు, బోధన్ నుంచి నిజామాబాద్ పోయి షర్టు కొనుక్కొచ్చినంత తేలిగ్గా.

ఆ తేలికను నమ్మకండి. దాని వెనక చాలా లెక్క ఉంది.

జర్మనీ వీసా కావాలంటే విద్యార్థి ఏడాది ఖర్చు ముందే ఒక ఖాతాలో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. నెలకు 992 యూరోలు మించి అందులోంచి చేతికి రాదు. ఇంటి కాగితాలు బ్యాంకులో, కొడుకు జర్మనీ ఊరు మాగ్డెబర్గ్‌లో, ఆ 992 ఎట్లా ఖర్చవుతోందన్న దిగులు బోధన్‌లో. అద్దె, బీమా, బియ్యం పోగా మిగిలినదానితో పారిస్ చూడటం ఎట్లా అన్నదే మనవాడి అసలు థీసిస్. యూనివర్సిటీకి సమర్పించేది వేరే ఏదో ఉంటుంది, దాని మీద ఇంత శ్రద్ధ పెట్టడు. ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చని 2024 నుంచి అక్కడి చట్టం. గోదాములో అట్టపెట్టెలు మోసిన కూలిలో కొంత ఈ మహాకార్యానికి పక్కన పెడతాడు. జర్మనీ నివాస కార్డు ఉన్నవాడు వేరే వీసా లేకుండా షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. అసలు వీణ్ణి యాత్రికుణ్ణి చేసింది ఆ కార్డే. లేకపోతే వీడు బాసర దాటి పోయే రకం కాదు.

ఒక్కడే పోడు. కరీంనగర్ వాడొకడు, గుంటూరు వాడొకడు, నాందేడ్ వాడొకడు కలిస్తే గానీ పారిస్ గిట్టుబాటు కాదు. నాందేడ్ వాడితో మనవాడు మధ్యమధ్య మరాఠీ కలిపి మాట్లాడి సరిహద్దు తాలూకా పరువు నిలబెడతాడు. వాట్సాప్ గ్రూపు పుడుతుంది, తర్వాత ఎక్సెల్ షీటు పుడుతుంది. అందులో ప్రతి గంటకూ ఒక గడి ఉంటుంది, నిద్రకు మాత్రం ఉండదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరితే మళ్ళీ ఇల్లు చేరేసరికి 1831 వచ్చింది. దారిలో ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో కూడా రాసిపెట్టాడు పెద్దాయన. మన షీటులో నోటర్‌డామ్ చర్చికి 25 నిమిషాలు, అందులోనే మూత్ర విసర్జన.

శుక్రవారం సాయంత్రం బస్సు. మాగ్డెబర్గ్ నుంచి పారిస్ దాదాపు 900 కిలోమీటర్లు. రైలు లేక కాదు, దాని ధర చూశాక మనవాడికి బస్సు మీద ప్రేమ పుట్టింది. పైగా రాత్రి బస్సులో పడుకుంటే ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. పడుకోవడం అన్నది మర్యాదకు అన్నమాట. పదింటికి పులిహోర డబ్బా తెరవగానే ఇంగువ వాసన బస్సంతా పరుచుకుంటుంది. ముందు సీటులో జర్మన్ ముసలావిడ వెనక్కి తిరుగుతుంది. మనవాడు మంచి ఇంటి పిల్లవాడు కనుక అమ్మ పంపిన సకినం ఒకటి చేతిలో పెడతాడు. ఆమె ‘డాంకె’ అని కొరికి, తర్వాత చాలాసేపు పళ్ళు తడుముకుంటూ కూర్చుంటుంది.

బస్సు వీళ్ళను ఐఫిల్ టవరు కాళ్ళ దగ్గర దించదు. బెర్సీ అనే చోట, ఒక పార్కు కిందున్న బస్టాండులో దించుతుంది. అక్కడ మనవాడు పారిస్ గురించి పలికే తొలి వాక్యం: ‘గిదేంద్రా, మన నిజామాబాద్ బస్టాండే నయం గదా!’ ఇక్కడ ఎవడూ ఫొటో దిగడు.

ఇక గుణకారం మొదలవుతుంది. యూరో అంటే వంద. అసలు రేటు అటూఇటూ ఉన్నా మనవాడు వందకే కట్టుబడి ఉంటాడు, బాధ రౌండ్ ఫిగర్‌లో వస్తుంది కనుక. కాఫీ నాలుగు యూరోలంటే నాలుగొందలు. ఆ నాలుగొందలకు బోధన్ బస్టాండులో ఎందరికి చాయ్ పోయించవచ్చో లెక్క తేలేలోపు కాఫీ చల్లారిపోతుంది. మెట్రో టికెట్ 2025లో రెండున్నర యూరోలు. ఈ సంగతి ఫోన్లో విన్న తల్లికి మతిపోయింది.

‘రెండొందల యాభయ్యా! నేను ఆధార్ కార్డు చూపెట్టి నిజామాబాద్ పోయొస్తున్న, ఒక్క రూపాయి ఇస్తలేను. గాడ ఆధార్ నడ్వదా?’

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఆ సౌకర్యం సెయిన్ నది దాకా రాలేదని మనవాడు వివరించాడు. ‘అది ఆడోళ్ళకే అమ్మా.’

‘మరి మీ జట్టుల ఆడివిల్లలు లేరా?’

ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయని పసిగట్టి మనవాడు సిగ్నల్ లేదన్నాడు. ఆ పూటకు అందరూ నడిచారు.

నడిచి నడిచి లూవ్ర్ మ్యూజియం చేరారు. యూరప్‌లో నివాసముండే 26 ఏళ్ళ లోపు వాళ్ళకు అక్కడ ప్రవేశం ఉచితం. ఈ ముక్క తెలిసిన క్షణం నుంచి మనవాడికి చిత్రకళ మీద అపారమైన గౌరవం. గాజు పిరమిడ్ కొనను రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు ఫొటో దిగి లోపలికి నడిచాడు. లోపల ప్రదర్శనలో దాదాపు 35 వేల వస్తువులున్నాయి. మనవాడు ఒకటి చూశాడు. అదీ ముందున్నవాళ్ళు పైకెత్తిన ఫోన్లలో చూశాడు. మోనాలిసా బొమ్మ 77 సెంటీమీటర్ల పొడవు, 53 సెంటీమీటర్ల వెడల్పు. ‘గింతేనా? మా చిన్నాయిన పెండ్లి ఫొటో ఇంతకన్న పెద్దగుంటది’ అన్నాడు. ఇది అజ్ఞానం అనుకునేరు. ఆ మాటే పైకి అనడానికి సిగ్గుపడి, గడ్డం నిమురుకుంటూ నిలబడ్డ పెద్దమనుషులు ఆ గదిలో చాలామంది ఉంటారు. నా ఓటు మనవాడికే.

సాయంత్రం టవరు. 1889లో కట్టింది, ఇప్పుడు 330 మీటర్లు. ఎక్కడానికి టికెట్ ఉంది కనుక మనవాడు ఎక్కడు. కారణం అడిగితే మాత్రం మరొకటి చెబుతాడు: ‘ఎక్కినంక ఫొటోల టవర్ పడదు గదా.’ ఎదురుగా త్రోకదేరో మెట్ల మీద నిలబడి దిగిన ఫొటోకు ఖర్చు లేదు. వేసవిలో అక్కడ చీకటి పడేసరికి రాత్రి 10 దాటుతుంది. అప్పటి నుంచి గంట గంటకూ ఐదు నిమిషాలు టవరంతా మిలమిల మెరుస్తుంది. ఆ మెరుపు ఇంటివాళ్ళకు చూపించకపోతే వచ్చిన పనేముంది? వీడియో కాల్ కొట్టాడు. బోధన్‌లో రాత్రి రెండున్నర.

ఆ వేళప్పుడు ఫోన్ మోగితే ఏ తండ్రి గుండెకైనా ఒకటే తోస్తుంది. ‘ఏమైందిరా? పైసలు ఒడిసినయా?’

‘లేదు డాడీ, టవర్ మెరుస్తుంది చూడు!’

డాడీ ఒక కన్నుతో చూశాడు. పక్క మంచంలో తాతకు ఎట్లాగూ నిద్ర పట్టదు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఫోన్ దగ్గరికి లాక్కుని, టవరు వైపు చూపు కూడా పోనీయకుండా అడిగాడు: ‘గాడ చెరుకు పండుతదారా?’

‘పండదు తాతా, చలి.’

‘మరి శక్కరెట్ల జేస్తరు?’

మనవడికి తెలియదు. తాత అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్ళతో పండిన చెరుకు కోసం బోధన్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతబడింది. మనవాడు అప్పుడు హైస్కూలు పిల్లవాడు. అట్లాంటి ఊరివాడు చదువుకోవడానికి పోయి పడ్డ మాగ్డెబర్గ్ చుట్టూ ఉన్న నల్లమట్టి జర్మనీలో చక్కెర బీటు గడ్డకు పేరుమోసిన నేల. బీటులో ఉన్నదీ చెరుకులో ఉన్నదీ ఒకే చక్కెరని మార్‌గ్రాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త 1747లో బెర్లిన్‌లో తేల్చాడు. ఆయన శిష్యుడు అఖార్డ్ 1801లో మొదటి బీటు చక్కెర ఫ్యాక్టరీ పెట్టాడు. ఇంగ్లీషు నౌకలు చెరుకు చక్కెర రాకుండా అడ్డుకుంటే, నెపోలియన్ 1811లో బీటు వేయండని ఫ్రెంచి రైతులకు హుకుం జారీ చేశాడు. పారిస్ చేరబోయే ముందు బస్సు దాటిన ఉత్తర ఫ్రాన్స్ మైదానాల్లో ఇప్పటికీ అదే పంట. ఆ సమయానికి మనవాడు నాందేడ్ వాడి భుజం మీద నోరు తెరిచి నిద్రపోతున్నాడు. నాలుగొందల కాఫీలో కలుపుకున్నదీ ఆ గడ్డల చక్కెరే అయి ఉంటుంది.

ఇదంతా మర్నాడు ఫోన్లో వెతికి, బీటు గడ్డ బొమ్మతో సహా తాతకు పంపాడు. తాత వాయిస్ మెసేజ్ పెట్టాడు: ‘గడ్డల శక్కరా! గందుకే మీ మొకాలు గట్లున్నయ్.’

ఆదివారం రాత్రి తిరుగు బస్సు. ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో గుంటూరు వాడు కరీంనగర్ వాడికి ముప్పై సెంట్లు బాకీ తేలాడు. ఆ గొడవ బెల్జియం దాటేదాకా నడిచింది. సోమవారం గోదాములో షిఫ్టు. కాళ్ళ బొబ్బల సంగతి వాట్సాప్ స్టేటస్‌లో ఉండదు. స్టేటస్ చూసిన బోధన్ మేనత్తలకు మాత్రం పిల్లవాడు సెటిలయ్యాడన్న నమ్మకం కుదురుతుంది. నిజామాబాద్‌లో పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళకు చేరే బయోడేటాలో అదే ఫొటో. ఇంకా వీసా రాని జూనియర్లు ఫోన్ చేసి ‘అన్నా, పారిస్‌ల ఏమేం చూడాలె?’ అని అడిగితే మనవాడు గంటసేపు చెబుతాడు. 25 నిమిషాలు చూసిన నోటర్‌డామ్ గురించి 40 నిమిషాలు. వచ్చే నెల ప్రాగ్. షీటు అప్పుడే తయారైంది.

మీ ఇంట్లోనో మీ వాడలోనో ఇట్లాంటివాడు ఉంటే ఒక మనవి. శనివారం రాత్రి రెండున్నరకు ఫోన్ మోగితే ఎత్తండి, ఐదు నిమిషాలు కళ్ళు తెరిచి చూడండి, మస్తుగుంది బిడ్డా అనండి. పైకి ఎక్కినవా అని మాత్రం అడగకండి.