‘సీ వ్యూ’కు టీకాతాత్పర్యాలు

మూలం: “సాగరాభిముఖమైన సకలసౌఖ్య విడిది. అతిథి ఆనందమే మా ఆశయం. షరతులు వర్తిస్తాయి.”

(భీమిలి దారిలో మేం రెండు రాత్రులు దిగిన ఒక రిసార్టు ద్వారం మీది రచన. కర్త అజ్ఞాతుడు. అలా ఉండటమే ఆయనకు క్షేమం.)

టీక:

సాగరాభిముఖమైన = వాచ్యార్థం పొసగదు, లక్షణ చెప్పుకోవాలి. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున గొల్లపల్లె అని శాస్త్రకారులు ఒక్క గంతులో గట్టెక్కారు. మనం సముద్రం నుంచి ఒడ్డుకు, ఒడ్డు నుంచి రోడ్డుకు, రోడ్డు దాటి జనరేటరు షెడ్డుకు గెంతితే గాని మా కిటికీ రాదు. బాత్రూములో బకెట్టు బోర్లించి ఎక్కితే నీలిగీత ఒకటి కనబడింది. అది ప్రహరీకి వేసిన రంగని మా ఆవిడ అపవ్యాఖ్య. మూలంలో లేనిదేదీ రాయనన్న మల్లినాథసూరి మన మెదక్ సీమ వాడే. ఆయనకు ఈ గది ఇచ్చి ఉంటే సాగరశబ్దానికి అర్థమే రాసేవాడు కాడు.

సకలసౌఖ్య = స్పష్టము.

అతిథి ఆనందమే మా ఆశయం = దీనికి ఆకరం ఇంగ్లండులో ఉంది. 1936లో బిల్లీ బట్లిన్ స్కెగ్నెస్ దగ్గర టర్నిప్ చేలో సెలవుల శిబిరం తెరిచాడు. వారం జీతానికి వారం విహారం అన్నాడు. వరస గదులు, ఈతకొలను (సముద్రం పక్కన కొలనెందుకని శంకించరాదు, అది ఉత్తర సముద్రం), మైకులో మేలుకొలుపు, ఎర్రకోట్ల వినోద సిబ్బంది, ఎముకలు తేలిన మోకాళ్ల పోటీ. వీటన్నిటికీ నినాదంగా షేక్‌స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నుంచి ఒక మాట తెచ్చుకున్నాడు. భావం మన రిసార్టుదే.

ఇక్కడ రసికులు కాస్త ఆగాలి. నాటకంలో ఆ మాటనేది పీటర్ క్విన్స్ అనే వడ్రంగి. ఆగవలసిన చోట ఆగడు, కూడని చోట ఆగుతాడు. దాంతో వినయంగా మొదలెట్టిన పీఠిక తలకిందులై, మిమ్మల్ని సంతోషపెట్టడానికి మేం రాలేదన్నట్టు వినిపిస్తుంది. ఏథెన్స్ ప్రభువు థీసియస్ అది పట్టేస్తాడు. తెలుగులో చూడండి: “మీ సుఖం కోసం మేం లేము అనుకోవద్దు.” ‘లేము’ దగ్గర ఊపిరి పీల్చారా, నిజం బయటపడుతుంది. సంస్కృతంలో యతి అంటే విరామం. దాన్ని మనం అక్షరమైత్రిగా మార్చుకున్నాం. ఆగడం తెలుగువాడికి ఏనాడూ గిట్టలేదు. ఆ లెక్కన నన్నయ తొలి పద్యం సంస్కృతంలోనే ఎందుకు...

ఏం చెబుతున్నాను? వేడినీళ్లు. రెండు పొద్దుట్లూ రాలేదు. అడిగితే “వస్తాయి సార్” అన్నాడు కుర్రాడు.

షరతులు వర్తిస్తాయి = ఈ క్రియ భవిష్యత్తా, తద్ధర్మమా అని వైయాకరణుల తగువు. బిల్లు చూశాక తగువు లేదు. భూతం.

తాత్పర్యం: గది ఖాళీ చేయాల్సింది పదింటికి. వేడినీళ్లు పదిన్నరకు వచ్చాయట.