వడ్ల మీద ఏది పెట్టాలె?

శామీర్‌పేటలో రాజీవ్ రహదారి పక్కన మా మెకానిక్ షెడ్డు. ఆదివారం పొద్దున్నే నగరం నుంచి కుర్రాళ్లు గుంపులుగా కరీంనగర్ వైపు పోతూ ఇక్కడ ఆగుతారు. గాలి కొట్టించుకుంటారు, చైనుకు నూనె వేయించుకుంటారు. మీటర్లో కనిపించే గుర్తులన్నిటికీ అర్థం అడిగేవాళ్లు మాత్రం తక్కువ. లక్షలు పోసి కొన్న బండిలో ప్రాణం కాపాడే మీట ఎక్కడుందో తెలియకుండానే నడిపేస్తుంటారు. నాకు అది చూస్తే మనసు ఊరుకోదు. కూర్చోబెట్టి చెప్పి పంపిస్తాను.

వానాకాలం కోతలప్పుడు ఒక ఆదివారం తుర్కపల్లి అవతలి పల్లె నుంచి తండ్రీకొడుకులు వచ్చారు. కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. బండి కేటీఎం 390 అడ్వెంచర్, సెకండ్ హ్యాండ్. తండ్రికి అరవై దాటి ఉంటాయి. తలకు రుమాలు, కాళ్లకు ఇంకా పొలం మట్టి.

"తమ్మీ, దీనికేందో ఏబీఎస్ అంటడు, ట్రాక్షన్ అంటడు. ఏ తొవ్వల ఏది పెట్టాలెనో సమజయ్యేటట్టు చెప్పు. వానికి కాదు, నాకు చెప్పు" అన్నాడు పెద్దాయన.

అలా అడిగిన తండ్రిని నేను అంతవరకు చూడలేదు. స్టూలు వేసి ముందు చక్రం దగ్గర కూర్చోబెట్టాను. హబ్బు దగ్గరున్న చిల్లుల రింగు చూపించాను.

"చక్రం తిరుగుతుంటే ఈ సెన్సరు ఆ చిల్లులు లెక్కపెడుతుంటది కాకా. బ్రేకు గట్టిగ పడితే బండి ఉరుకుతనే ఉంటది, చక్రం మాత్రం బిగుసుకుంటది. అట్ల బిగుసుకుంటేనే జారి పడేది. అది కాకముందే ఏబీఎస్ బ్రేకును కొంచెం వదిలి మళ్ల పడుతది. సెకనుల ఎన్నోసార్లు. అప్పుడు లివరు చేతిల కొట్టుకుంటది. భయపడి వదలొద్దు."

"ఎద్దు బెదిరితే పగ్గం గుంజి, ఇడిసి, గుంజుతం. గంతేనా?"

"గంతే."

ఇన్నేళ్లలో ఇంత చక్కగా నేనెవరికీ చెప్పలేకపోయాను. ట్రాక్షన్ కంట్రోల్ బ్రేకుకు సంబంధించింది కాదని, వెనుక చక్రం ముందు చక్రం కంటే ఎక్కువ తిరిగితే జారుతోందని పసిగట్టి ఇంజను జోరు తగ్గిస్తుందని చెప్పాను. దానికీ తలూపాడు.

"తారు రోడ్డు మీద?"

"రెండూ ఆన్. ఏబీఎస్ రోడ్ మోడ్‌ల. అది మార్చేదే లేదు."

"వాన పడితే?"

"అప్పుడూ గంతే. తొలి చినుకులే పాడు. రోడ్డు మీది దుమ్ము, నూనె తడిసి పైకి తేలుతయి. బండి తెలివి బండికి ఉండనీ, వీడు మెల్లగ పోవాలె. ఔటర్ మీదికి టూవీలర్లను రానియ్యరు, సర్వీసు రోడ్డే దిక్కు. టిప్పర్లు పోసిపోయిన కంకర అంచులకు ఉంటది. మలుపుల వంగేటప్పుడు చూసుకోవాలె."

"మట్టి తొవ్వల?"

ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాల్సి వచ్చింది. వదులు మట్టిలో, మొరంలో బిగుసుకున్న చక్రం తన ముందు మట్టిని కుప్పలా తోసుకుంటుంది. ఆ కుప్పే బండిని ఆపుతుంది. ఏబీఎస్ చక్రాన్ని తిరగనిస్తే ఆ కుప్ప చేరదు, బండి ఇంకా దూరం పోయి ఆగుతుంది. అందుకే ఆఫ్‌రోడ్ మోడ్ పెడితే వెనుక ఏబీఎస్ తెగిపోతుంది, ముందుది ఉంటుంది. ఎగుడు ఎక్కేటప్పుడు ట్రాక్షన్ కూడా తీసేయాలి. లేకపోతే చక్రం కాస్త జారగానే ఇంజను జోరు తగ్గి, బండి సగం ఎత్తులో నిలబడిపోతుంది. తారు ఎక్కగానే రెండూ మళ్లీ మామూలుగా పెట్టుకోవాలి.

కొడుకును షెడ్డు వెనుక ఖాళీ జాగాలోకి తీసుకుపోయి మూడుసార్లు బ్రేకు కొట్టించాను. పెద్దాయన ఎండలో నిలబడి మూడుసార్లూ చూశాడు. తిరిగొచ్చాక అడిగాడు.

"వడ్ల మీద ఏది పెట్టాలె?"

కొడుకు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"దానికి సెట్టింగు లేదు కాకా" అన్నాను. "టైరుకు రోడ్డుకు నడుమ ఎంత పట్టు ఉంటే అంతే ఏబీఎస్ వాడుకుంటది. లేని పట్టును పుట్టియ్యదు. గింజలు టైరు కింద బేరింగు గుండ్లలాగ ఉరుకుతయి. దూరం నుంచే స్పీడు తగ్గించుకోవాలె. బండి నిటారుగ ఉంచి, హ్యాండిలు తిప్పకుండ, ముందు బ్రేకు ముట్టకుండ దాటాలె."

"గదే రాత్రి అయితే?"

"రాత్రి కుప్ప అసలే కనవడదు."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బండి సీటు మీద చెయ్యి వేసి అన్నాడు: "వీని అన్న బండి నూటయాభై సీసీది. 2017ల. ఇవేం లేకుండె దానికి. ఉంటే బతుకుతుండెనా?"

ఏం చెప్పాలో తోచలేదు. తెలిసిందే చెప్పాను. బీఎండబ్ల్యూ 1988లోనే కె100 బండికి ఏబీఎస్ పెట్టింది. మన దేశంలో 125 సీసీ దాటిన బండ్లకు తప్పనిసరి అయింది మాత్రం కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ 1న, పాత మోడళ్లకు 2019 ఏప్రిల్ 1న. "అప్పటికి ఆ రూలు అమలుకే రాలే కాకా. లేని బండి కొనిచ్చిన్నని మనసుల పెట్టుకోకు. ఇందుల నీ తప్పు ఇసుమంత లేదు."

ఆయన నా వైపు చూస్తూనే ఉన్నాడు. నాకు కోపం ఆగలేదు. ఆ కోతల సీజన్‌లోనే మా షెడ్డుకు అలా పడ్డ బండ్లు మూడు వచ్చాయి.

"తప్పెవరిదంటే, సగం రోడ్డు మీద వడ్లు పోసి, నల్ల పరద కప్పి, చుట్టూ రాళ్లు పెట్టి, ఒక దీపమన్న పెట్టకుండ ఇంటికి పోయి పండుకున్నోనిది. వాన్ని జైల్ల పెట్టాలె. దొరికిండా వాడు?"

"దొరికిండు."

కొడుకు "నాయినా, పోదాం పా" అని భుజం పట్టుకున్నాడు. పెద్దాయన కదల్లేదు.

"తేమ పదిహేడు దాటిందని కాంట పెట్టలే, తమ్మీ. ఇంకో ఎండ తగలనియ్యమన్నరు. ఊర్ల కల్లం లేదు. పొద్దుమీకినాక పరద కప్పి, గాలికి లేవకుండ రాళ్లు పెట్టి ఇంటికొచ్చిన. పెద్దోడు వస్తే ఇద్దరం బువ్వ తిందామని కూసున్న."

రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఆ వడ్లు మావే."