తాటిపాక బస్సుకు టీకా తాత్పర్యం

మూలం: “అన్నా, తాటిపాక బస్సు మోడ్ పనిచెయ్యట్లేదు. త్వరగా సెట్ చెయ్యి.”

టీక: అన్నా = ముఖం తెలియని ఓ మోడ్ కర్తా; తాటిపాక బస్సు = 2017లో మాలియో సంస్థ విడుదల చేసిన బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా ఆటలో, రాజోలు నుంచి అమలాపురానికి వయా తాటిపాక అని బోర్డు తగిలించుకున్న పల్లెవెలుగు; మోడ్ = ఆటలోకి బయటివాళ్లు తయారుచేసి ఎక్కించే చేర్పు; పనిచెయ్యట్లేదు = ఏదో అయింది; సెట్ చెయ్యి = ఏమైందో కూడా నువ్వే కనుక్కో, అని అధ్యాహారం.

తాత్పర్యం: ఇందులో అబద్ధమూ లేదు, పనికొచ్చేదీ లేదు. ఆడేవాడు చూసినదాన్ని దాచి తీర్పు మాత్రం వినిపించాడు. ఉదాహరణకు స్కిన్ సంగతి చూడండి. స్కిన్ అంటే బండికి తొడిగే బొమ్మ. ఒక మోడల్ కొలతలకు గీసినదాన్ని వేరే మోడల్‌కు తొడిగితే, నుదుట బోర్డు మీద ఉండాల్సిన ‘తాటిపాక’ పక్క కిటికీ అద్దాల మీద సాగి పడుతుంది. మోడ్‌లో తప్పేమీ లేదు, జత కుదరలేదంతే. గేమ్ అప్‌డేట్ అయ్యాక పాత మోడ్ మొరాయించడం పూర్తిగా వేరే జబ్బు. రెండింటికీ వచ్చే ఫిర్యాదు మాత్రం పై మూలమే. మూలంలో లేనిది రాయనన్న వ్యాఖ్యాత మల్లినాథుడైతే దీనికి ఖాళీ తాటాకు వదిలేసేవాడు.

“మోడ్‌ను జనంలోకి వదిలేముందు కర్తే ఆడి చూసుకోవద్దా?” అని పూర్వపక్షం. చూసుకుంటాడు, తన ఫోన్లో, తన వెర్షన్లో. అవతలివాడి ఫోన్ వేరు, అందులో ముందే ఎక్కించిన మోడ్లు వేరు. “అయితే పెద్ద ఫారం నింపమందాం” అంటారు ఇంకొందరు. ఉచితంగా వచ్చిన బస్సు కోసం అర్జీ పెట్టే ఓపిక ఎవరికుంటుంది? దాన్ని తీసేసి మరోటి ఎక్కించుకుంటారు. ఫిర్యాదులు ఆగుతాయి, లోపం అలాగే ఉంటుంది. మైన్‌క్రాఫ్ట్ అనే ఆట జావా ఎడిషన్ ఈ విషయంలో నయం: కూలిపోతే వెర్షన్‌తో సహా క్రాష్ రిపోర్టు తానే రాసిపెడుతుంది, ఊహలు కలపదు. చూసింది వేరు, ఊహించింది వేరు అని విడదీసి చెప్పమని 1999లోనే సైమన్ టాథమ్ అనే ప్రోగ్రామర్ ఓ వ్యాసమే రాశాడు. ఫోన్లో ఆడేవాడికి ఆ విడదీత నేర్పడం కష్టం. స్క్రీన్ రికార్డింగ్ అడగడం తేలిక. ఆ ఒక్కటీ అడగని కర్తకూ ఇందులో వాటా ఉంది.

కాబట్టి తమ్ముళ్లూ, ముందు పది సెకన్ల వీడియో, గేమ్ వెర్షన్ నంబరు పంపండి. తిట్లేమైనా ఉంటే ఆ కింద రాసుకోండి.