చెయ్యెండిన విందు: టీకా తాత్పర్య సహితము

అవతారిక: వినుకొండ మిత్రులు కొందరు వేసవిలో డల్లాసు పోయి, అక్కడ స్థిరపడిన బాల్యమిత్రుని పెరటిలో మధ్యాహ్న భోజనమునకు కూర్చుండిరి. అప్పటి ముచ్చట ఇది.

ఆ.వె.
ఊరు దాటి వచ్చి యొక్కచో గూర్చుండి
నంజుకొనుచు నాటి నవ్వులన్ని
చేయి యెండిపోయి చెంబులో నీరున్న
లేవ రొకరునైన లెక్క యేల

టీక: ఊరు దాటి వచ్చి = వినుకొండ విడిచి, విమానములు మారి, నిద్ర చెడి వచ్చి; ఒక్కచో = ఒకే బల్ల చుట్టును; కూర్చుండి = చతికిలబడి; నాటి నవ్వులన్ని = బడిలో బెంచీ ఎక్కిన నాటివి మొదలు, రామలింగేశ్వరుని కొండ ఎక్కుచు ఆయాసపడిన నాటివి దాక; నంజుకొనుచు = గోంగూర పచ్చడి పక్కనే ఉండగా వీటినే నంజుకొనుచు; చేయి ఎండిపోయి = పెరుగన్నము వేళ్ళకు అట్టకట్టి; చెంబులో నీరున్న = నీళ్ళు చేతికందు దూరముననే ఉన్నను; ఒకరునైన లేవరు = ఇంటివాడు సైతము లేవడు; లెక్క యేల = గంట ఎంతయినదని అడుగుట ఎందుకు?

తాత్పర్యము: తిండి ముగిసినను భోజనము ముగియలేదని భావము.

విశేషములు: డల్లాసులో చెంబెక్కడిదని ఆక్షేపణ. ప్లాస్టిక్ సీసా అని అర్థము చెప్పుకొనవలెను; సీసా అన్నచో గణము చెడును.

చేయి ఎండకే ఎండినదని నవ్యులు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని ఎరిగిన పల్నాటివారికి ఆ ఎండ కొత్త గాదు. ఎండకు ఎండిన చేతిని కడుగుకొందురు. మాటలకు ఎండిన చేతి సంగతి గుర్తే ఉండదు. పైగా జూన్ నెలలో అక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాటిన గాని ప్రొద్దు గ్రుంకదు గనుక, చీకటి పడినదని లేచుటకును వీలు లేదు.

ప్రమాణము: 15వ శతాబ్దమున వినుకొండ వల్లభరాయుడు ‘క్రీడాభిరామము’న మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులను ఓరుగల్లు వీధులలో త్రిప్పెను. అందు పూటకూటింట రూకకు దొరకు భోజనమును సన్నన్నము, గోధుమపిండివంట, పంచదార, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు అని వరుసగా చెప్పెను. పెరుగు దాక చెప్పగలిగినవాడు పెరుగు దాక కూర్చున్నవాడే గదా!

పూర్వపక్షము: శ్రీనాథుడును పల్నాడు వచ్చినవాడే. జొన్నకూటిని ఆడిపోసుకొనెనని ఆయన పేరిట చాటువులు ప్రసిద్ధములు. పరదేశ భోజనము సుఖమైనచో ఆయనకేల రుచింపలేదు?

సమాధానము: జొన్నల దోషము గాదు. ఆ చాటువులలో కూడు కలదు, ఎండ కలదు, ఎదుటి విస్తరి ముందు మిత్రుడు మాత్రము లేడు. ‘క్రీడాభిరామము’ సైతము శ్రీనాథునిదే అని వాదించిన పండితులు కలరు. అది నిజమైనచో మా పక్షమునకు మరింత బలము: ఆ నోరే ఒంటరిగా తిట్టినది, ఆ నోరే జంటగా మెచ్చినది.

కావున ఒంటరిగా తిన్నవాని మాట పట్టి ఏ ఊరి తిండినిగాని నిందింపరాదని నిర్ణయము.