కొత్తది కదా, బిగుసుకుంటుంది!

కొత్త చెప్పు కరుస్తుంది. కొత్త అల్లుడు బిగుసుకుని కూర్చుంటాడు. ఈ లెక్కన కొత్త లాన్ మోవర్ మీట కదలకపోవడం కూడా మర్యాద కిందికే వస్తుందని కంపెనీ పెద్దమనిషి ఒకాయన ఫోనులో నచ్చజెప్పాడు. "కొత్తది కదా సార్, వాడగా వాడగా వదులవుతుంది."

మాది డాలస్. ముంగిట్లో గడ్డి 12 అంగుళాలు దాటితే నగరం వాళ్లు నోటీసిస్తారు. అంతదాకా ఆగే ఓపిక మా కాలనీ సంఘానికి లేదు. గడ్డి కోయాలంటే చక్రాల ఎత్తు మార్చే మీట కదలాలి. మీట కదలాలంటే మోవర్ వాడాలట. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు!

1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్, మిల్లులో ఉన్నిబట్ట మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి లాన్ మోవర్‌ను కనిపెట్టాడు. ఇరుగుపొరుగు నవ్వుతారని రాత్రిళ్లు నడిపి చూసుకునేవాడట. నేనూ ఆ సంప్రదాయం ప్రకారమే గ్యారేజీ తలుపు దించి రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాను. స్పార్క్ ప్లగ్ వైరు పీకి, ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా ఒరిగించాను. అటు ఒరగాల్సింది ఇటు ఒరిగితే ఇంజనాయిలు ఫిల్టర్ తాగేస్తుంది.

టార్చి వేసి చూద్దును కదా, మీట పడాల్సిన గాట్లలో నల్ల పెయింటు, పెనం అంచున మాడులా గడ్డకట్టి ఉంది. రంగు వేసినవాడిది ధారాళమైన చెయ్యి. మీట ఒక్కసారి నొక్కి చూసినవాడు మాత్రం లేడు. అట్టపెట్టెలో 'తనిఖీ అయినది' అన్న చీటీ ఉంది. అది మాత్రం చక్కగా ఉంది, ఎక్కడా పెయింటు మరక లేదు.

బెల్టు, కేబులు కొత్తలో బిగువుగా ఉండి తర్వాత సాగుతాయంటే ఒప్పుకుంటాను. పెయింటు సాగుతుందా?

మా అమ్మ కొబ్బరినూనె రాయమంది. 24 డిగ్రీల లోపు అదీ పేరుకుంటుంది. ఆ రాత్రి చలికి ఉన్న బిగువుకు ఇంకో బిగువు తోడైంది. చివరికి ఆకురాయితో ఇరవై నిమిషాలు గీకితే, నల్లటి పొట్టు రాలి, మీట టక్కుమని పడింది. ఫ్యాక్టరీలో మిగిలిపోయిన ఆఖరి పని నేను చేశానన్నమాట, ఎదురు జీతమిచ్చి.

పక్కింటాయన మోవర్‌కు వారంటీ నిరుడే తీరిపోయింది. ఆయనదీ మొన్న అదే మీట పట్టేసిందని కంపెనీకి ఫోను చేశాడు.

"పాతది కదా సార్, బిగుసుకుంటుంది" అన్నారట.