కొబ్బరి చిప్పలో గోపాల్‌పూర్

మా రోజుల్లో భూమి పాఠం భూమ్మీదే చెప్పేవారురా అబ్బాయ్. నువ్వు మంచం దిగకుండానే నేర్చేసుకుంటున్నావు. ఫోను దిండుకి ఆనించి, చెవుల్లో ఆ రెండు గింజలూ పెట్టుకుని, మధ్యాహ్నం మూడింటికి దుప్పటి కప్పుకుని పడుకున్నావు. ఏం చదువుతున్నావురా అంటే "రాళ్ల గురించి తాతయ్యా" అన్నావు. తొంగి చూస్తే అమెరికాలో గ్రాండ్ కాన్యన్. ఎర్రగా, పొరలు పొరలుగా బాగానే ఉంది, కాదనను. మరి మన బరంపురం చుట్టూ ఉన్న కొండలది ఏ రాయిరా అన్నాను. "ఆగు, వెతికి చెప్తా" అన్నావు. వెతకడమేమిట్రా, డాబా ఎక్కితే కనిపించేదాన్ని!

ఖోండలైట్ అంటారు దాన్ని. ఈ కొండల్లో ఉండే కోందు గిరిజనుల పేరే ఆ రాయికి పెట్టారు. అటు సింహాచలం కొండా ఈ రాయే. ఇలాంటిది ప్రపంచంలో ఎక్కడ దొరికినా మన గంజాం పక్కవాళ్ల పేరుతోనే పిలవాలి. నీకేమో గ్రాండ్ కాన్యన్ తెలుసు, ఇది తెలీదు.

నాకు చెప్పింది మా సైన్సు మాస్టారు. అప్పటికి గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన మాత్రం సగం తెలుగులో, సగం ఒడియాలో, కోపం వస్తే ఇంగ్లీషులో పాఠం చెప్పేవారు. మా బళ్లో ప్రయోగశాల అంటే ఒక చెక్క బీరువా. దాని తాళం ఎప్పుడూ ఎవరి దగ్గరా ఉండేది కాదు. అందుకని ఓ ఆదివారం "సైకిళ్లున్నవాళ్లు రండి, తలా ఓ కొబ్బరి చిప్ప తెచ్చుకోండి" అన్నారు. గోపాల్‌పూర్ సముద్రతీరం ఇక్కడికి పదిహేను, పదహారు కిలోమీటర్లు. నాది మా మేనమామ సైకిలు, గొలుసు మైలుకోసారి ఊడేది. ఊడినప్పుడల్లా దిగి ఎక్కించుకోవడం, నల్లబడ్డ చేతులు మట్టితో రుద్దుకోవడం. దారి పొడుగునా మొగలి పొదలు, ఆ తర్వాత సరుగుడు తోటలు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. నీ వీడియోలో ఏ వాసనుందిరా? సరే, ఎక్కడున్నాను... ఆ, కొబ్బరి చిప్ప.

ఒడ్డున కెరటాలు వచ్చి వెళ్లే చోట ఇసుక మీద నల్లటి చారలు ఉండేవి. మేమంతా మురికి అనుకున్నాం. మాస్టారు పంచె పైకి కట్టి, గుప్పెడు ఇసుక చిప్పలో వేసి, నీళ్లు పోసి, మా అమ్మ బియ్యం గాలించినట్టు మెల్లగా తిప్పడం మొదలెట్టారు. తిప్పుతూ, వంచుతూ, నీళ్లు వదులుతూ. తెల్లగింజలు నీళ్లతో జారిపోయాయి. అడుగున చంద్రవంకలా నల్లగింజలు, వాటి అంచున అక్కడక్కడ గులాబీ రంగు నలుసులు మిగిలాయి. "తెల్లది క్వార్ట్జ్, నీటికంటే రెండున్నర రెట్ల పైచిలుకు బరువు. నల్లది ఇల్మెనైట్, నాలుగున్నర రెట్లు దాటుతుంది. ఈ గులాబీది గార్నెట్. సముద్రం రోజూ చేసే పనే మనం చిప్పలో చేశాం" అన్నారు. సాంద్రత అనే మాట మాకు అలా వచ్చింది, మణికట్టులోంచి. చిప్ప ఒక్క పిసరు ఎక్కువ వంచితే నల్లదీ పోయేది. నాది మూడుసార్లు పోయింది. నాలుగోసారి నిలిచింది.

ఆ గార్నెట్ ఎక్కడిదో తెలుసా? కొండలది. ఖోండలైట్ ఎండకీ వానకీ చివికి, మెత్తబడి, రాలి, దారింగ్‌బాడి వైపు పుట్టిన రుషికుల్య నది వెంట గంజాం దాకా దొర్లుకుంటూ వచ్చి సముద్రంలో పడుతుంది. అక్కడ కెరటం దాన్ని గాలించి ఒడ్డున పెడుతుంది. తర్వాత రోజుల్లో ఛత్రపురం దగ్గర ఐఆర్ఈఎల్ కంపెనీ వాళ్లు ఆ ఇసుక కోసమే కార్ఖానా పెట్టారు. ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ వేరు చేస్తారు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది. మేం మురికి అనుకున్నది అది.

నువ్వేం చేస్తున్నావు? తెరమీద ఓ చెక్కముక్కని వేలితో లాగి నీలం నీళ్లలో పడేస్తున్నావు. అది తేలుతుంది, ఇంకోటి మునుగుతుంది. పక్కన అంకె వస్తుంది. ఫెట్ అంటారట దాన్ని. నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలెట్టాడట. డబ్బు అడగదు, తెలుగులోనూ ఉంది. మా మాస్టారికి అది దొరికి ఉంటే సంతోషపడేవారేమో, చెప్పలేను. కానీ దాంతో చెయ్యి తడవదురా. అక్కడ నీ చిప్ప ఎప్పటికీ ఒలకదు. ఒలకనివాడికి నాలుగోసారి నిలిచిన సంగతి ఎలా తెలుస్తుంది?

అన్నీ అలా కొట్టిపారెయ్యలేను, నిజం చెప్పాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలికి ఎదురుగా నిలబడితే తుఫాను నడిబొడ్డు కుడిచేతి వైపు ఉంటుందని మాస్టారు నేర్పిన సూత్రం నాకు కంఠతా వచ్చు. కానీ ఆ గాలి మన గుమ్మంలోకి వచ్చాకే కదా అది పనికొచ్చేది! అది తీరానికి రాకముందే తుఫాను బొమ్మ చూపించింది మీ నాన్న ఫోనే. బంగాళాఖాతంలో తెల్లటి సుడి, నడుమ కన్ను. ఆ ఫోను నేనే చేతిలోంచి వదల్లేదు. తీరం వెంట లక్షలమందిని ముందే తరలించారు. కరెంటు పోయి, టవర్లు పడిపోయాక మాత్రం కిటికీ సందులోంచి గాలి వాటం చూసి ఇంట్లోవాళ్లకి చెప్పింది నేనే. అదీ రాసుకో.

పోయిన ఆదివారం నిన్ను బలవంతాన బస్సెక్కించి గోపాల్‌పూర్ తీసుకెళ్లానా. చిప్ప ఇస్తే రెండుసార్లు ఒలకబోసుకుని మొహం ముడుచుకున్నావు. మూడోసారి నల్లది నిలిచింది. అంతలోనే ఫోను తీశావు. నాకు ఒళ్లు మండింది. నువ్వు దాన్ని చిప్పలోకి వంచి, ఫొటో తీసి, రెండు వేళ్లతో పెద్దది చేసి నా కళ్లద్దాల దగ్గర పెట్టావు. గులాబీ గింజ, పలకలు పలకలుగా, దానిమ్మ గింజంత. అరవై ఏళ్లుగా ఆ ఒడ్డున తిరుగుతున్నాను, దాన్ని అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

ఆ చిప్ప గుమ్మం పక్కనే బోర్లించి పెట్టాను, పారెయ్యొద్దని మీ అమ్మకి చెప్పు. వచ్చే ఆదివారం గంజాం వైపు, రుషికుల్య మొగ దగ్గరికి. ఫోను తెచ్చుకో.