తినేవాళ్ల ఓట్లు లెక్కపెట్టి వేసే ఉప్పు

అమెరికాలో రాష్ట్రానికి, కౌంటీకి, ఊరికి కట్టిన పన్నును ఫెడరల్ ఆదాయ పన్ను లెక్కలోంచి మినహాయించుకునే వెసులుబాటును పొడి అక్షరాల్లో సాల్ట్ అంటారు. పేరుకు ఉప్పే గాని, కొలత మాత్రం ఎప్పుడూ ఒకలా ఉండదు. 1913 ఆదాయ పన్ను చట్టంలోనే ఉన్న ఈ మినహాయింపుకు ఆధారం ఓ చిన్న న్యాయం: ఒక సర్కారుకు కట్టేసిన సొమ్ము మీద ఇంకో సర్కారు పన్ను వేయకూడదు. 2017 చట్టం ఆ న్యాయాన్ని కాదనలేదు, 10,000 డాలర్ల దగ్గర గీత గీసింది. అంటే పన్ను మీద పన్ను 10,000వ డాలరు దాకా అన్యాయం, ఆ పై డాలరు నుంచి ధర్మం! 2025 చట్టం గీతను 40,000కు జరిపింది. 2026లో అది 40,400. ఆపైన 2029 దాకా ఏటా 1 శాతం పెరిగి, 2030లో మళ్లీ 10,000కు దిగాలి. మందు సీసాకు ఉన్నట్టు ధర్మానికీ గడువు తేదీ ఉంటుందని ఇప్పుడు తెలిసింది.

పెళ్లిళ్ల సంగతి మరీ విచిత్రం. పెళ్లి కాని ఇద్దరికి చెరొక పరిమితి. మూడు ముళ్లు పడ్డాయో, ఇద్దరికీ కలిపి ఒక్కటే. న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కుని, రెండు జీతాల మీద రాష్ట్ర పన్ను, ఇంటి మీద ఆస్తి పన్ను కట్టే మన తెలుగు జంటల పెళ్లిలో కట్నం పుచ్చుకున్న మూడో పక్షం ఫెడరల్ ఖజానా అన్నమాట.

ఈ మినహాయింపు కలిగినవాళ్లకే లాభమని, తక్కువ పన్నుల రాష్ట్రాలు ఎక్కువ పన్నుల రాష్ట్రాల ఖర్చు ఎందుకు మోయాలని కొందరి వాదన. కొట్టిపారేయదగ్గది కాదు. విడివిడిగా లెక్కలు చూపకుండానే దొరికే స్టాండర్డ్ డిడక్షన్‌ను 2017 చట్టం దాదాపు రెట్టింపు చేశాక పదిమందిలో తొమ్మిదిమందికి సాల్ట్‌తో పనే లేదు. కానీ ఆ వాదనలో నిజాయితీ ఉంటే గీత అందరికీ ఒకచోటే ఉండాలిగా? కార్పొరేషన్లు రాష్ట్రానికి కట్టే ఆదాయ పన్నును ఏ పరిమితీ లేకుండా ఖర్చు కింద చూపించుకుంటాయి. భాగస్వామి కట్టాల్సిన రాష్ట్ర పన్నును పరిమితి లేని ఖర్చు కింద భాగస్వామ్య సంస్థే కట్టేలా 2018లో కనెటికట్ ఓ ఉపాయం పన్నింది. ఆ ఉపాయం చెల్లుతుందని 2020లో ఫెడరల్ పన్నుల శాఖే చెప్పింది. ఇక రాష్ట్రాలు ఒకదాని వెనుక ఒకటి అదే దారి పట్టాయి. వీధి గుమ్మానికి తాళం వేసి దొడ్డి గుమ్మానికి తోరణం కట్టినట్టుంది. ఆ దొడ్డిదారిన లా ఫర్మ్ భాగస్వామి వెళ్లగలడు, జీతగాడు వెళ్లలేడు.

అయితే సుమారు 5 లక్షల డాలర్లు దాటిన ఆదాయానికి కొత్త పరిమితి తగ్గుతూ వస్తుంది కదా, అది సమానత్వం కాదా అనవచ్చు. తగ్గేది జీతగాడికీ యజమానికీ కూడా. కాకపోతే యజమానికి దొడ్డిగుమ్మం తెరిచే ఉంది.

పన్ను మీద పన్ను తప్పయితే పరిమితి ఎత్తేయాలి. మినహాయింపే తప్పయితే జీతగాడితోపాటు కంపెనీకీ తీసేయాలి. ఈ రెండూ చేయని అమెరికా కాంగ్రెస్ పెట్టిన 40,000 అంకె ఏ సూత్రంలోంచీ పుట్టలేదు. సభలో స్వల్ప ఆధిక్యం ఉన్నవేళ న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా రిపబ్లికన్ల ఓట్లు కావాల్సొచ్చిన బేరంలో పుట్టింది. వంట తెలిసినవాడు రుచి చూసి ఉప్పు వేస్తాడు. ఇక్కడ మాత్రం తినేవాళ్ల ఓట్లు లెక్కపెట్టి వేస్తున్నారు.